ఇంటికొక సీసా

రోజు 204

నూట ఎనభై ఎనిమిది గిన్నెలు వచ్చాయి. అందులో పన్నెండింటిలో ఉమ్మి బదులు పళ్ళపొడి నురగ. పళ్ళు తోముకోకముందే ఉమ్మండర్రా మహాప్రభో అని ఎన్నిసార్లు మొత్తుకోవాలి? పన్నెండు గిన్నెలూ కడిగి, ఆ పన్నెండు మంది తలుపులూ కొట్టి, ఎదురుగా నిలబడి ఉమ్మించుకొచ్చాను. వెనకాల నన్ను ఉమ్ముల వేణి అంటారని తెలుసు. అనుకోనీ. గిన్నెలన్నీ చదివి, అందరూ బాగున్నారని నేను గంట కొడితేగానీ సముద్రంలో తేలే ఈ నలభై ఆరు ఇళ్ళ తెప్ప మీద ఉమ్మడి వంటశాల తలుపు తెరవరు. ఆకలేసేసరికి నా పేరు వీరవేణి అని అందరికీ గుర్తొస్తుంది.

పాత పుస్తకం నిండిపోయింది, ఇది కొత్తది. రోజుల లెక్క మాత్రం పాతదే. మా తమ్ముడు తాతబ్బాయికి జ్వరం వచ్చిన రోజు ఒకటో రోజు.

వాడు తెప్పకి వంటవాడు. ఈ రెండు వందల నాలుగు రోజులూ చివరి గదిలోనే ఉన్నాడు. ఆ గదికి ఒకదాని వెనక ఒకటి రెండు తలుపులు, మాట్లాడుకోవడానికి ఒక గొట్టం. గొట్టం మధ్యలో రేకు బిళ్ళ ఉంది, మాట తప్ప గాలి దాటదు. అవతలి కొస వంటశాలలో ఉంది, వాడే పట్టుబట్టి అలా పెట్టించుకున్నాడు. లోపలికి వెళ్ళేది నేనొక్కదాన్నే, అదీ తల నుంచి కాళ్ళ దాకా తొడుగు వేసుకుని. ఇవాళ వెళ్ళేసరికి గొట్టంలో అరుస్తున్నాడు.

"నెత్తళ్ళ పులుసులో అంత చింతపండు ఎవడేశాడ్రా? ఇక్కడికి పులుపు కొడతంది!"

పచ్చి అబద్ధం. ఆ గదిలోకి ఏ వాసనా రాదు. వంటశాలలో వాళ్ళని హడలగొట్టకపోతే వీడికి పొద్దు పోదు.

నిన్న ఇరవై తొమ్మిదో ఇంటివాళ్ళిచ్చిన రక్తపు తేట సీసా వాడికి సగం ఎక్కించాను. మిగతా సగం ఎల్లుండికి ఉంచాను.

రోజు 205

పెట్టెకి పిచ్చెక్కింది.

గిన్నెలు చదివే మిషన్ని మేం పెట్టె అంటాం. ఉమ్మి చుక్క వేస్తే ఎర్రకళ్ళ జ్వరం ఉందో లేదో చెప్తుంది. ప్రతి రోజూ మా వాడి గిన్నెకి ఒకటే జవాబు: పాత జ్వరమే, ఉంది. ఇవాళ "తెలియనిది" అంది. తుడిచాను, లోపలి వత్తి మార్చాను, నా ఉమ్మే వేసి చూశాను. నాకు ఏమీ లేదంది. మళ్ళీ వాడిది వేశాను. మళ్ళీ తెలియనిదే. నాలుగుసార్లు వేశాను. నాలుగుసార్లూ అదే మాట చెప్పింది దిక్కుమాలిన పెట్టె.

మిగతా నూట ఎనభై ఏడు గిన్నెలూ శుభ్రంగా ఉన్నాయి. గంట కొట్టాను.

రోజు 206

గట్టు మీద ఉన్న డాక్టర్ మేరీ కమలగారితో రేడియోలో మాట్లాడాను. ఆవిడ ఎప్పుడూ నిమ్మళంగా మాట్లాడుతుంది. ఇవాళ కూడా అలాగే మొదలుపెట్టింది.

"మొదటి వారం గిన్నె దాచారా వీరవేణిగారూ?"

"వారానికొకటి చొప్పున అన్నీ మంచుపెట్టెలో ఉన్నాయండి."

"మంచి పని చేశారు. మొదటిదీ నిన్నటిదీ మొత్తం చదివించండి. రోజూ మీ పెట్టె పేరు ఒక్కటే చూస్తుంది. ఈసారి ఆ వైరస్ జన్యువుని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవమనండి."

ఒక్కో గిన్నె అలా చదవడానికి గంటపైనే పడుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. ముప్ఫై ఒక్క చోట్ల తేడా ఉంది. దాదాపు అన్నీ వైరస్ పైపొర మీదే. డాక్టరుగారికి చదివి వినిపించాను. రేడియో పోయిందేమో అనుకుని హలో హలో అన్నాను.

"ఉన్నానమ్మా," అంది. అప్పటిదాకా నన్ను గారూ అన్న మనిషి అమ్మా అనేసరికి సంగతి చిన్నది కాదని తెలిసిపోయింది. "మామూలుగా జ్వరం పది రోజులుంటుంది. ఆ పది రోజుల్లో ఒక్క అక్షరం మారడమే ఎక్కువ. మధ్య వారాలవి కూడా చదివించండి. అన్నీ కావాలి నాకు."

ఇరవై తొమ్మిదో ఇంటి మిగతా సగం సీసా ఇవాళే ఎక్కించాలి. ఎక్కించేశాను. ఆపాలని నాకెందుకు తోచలేదో!

రోజు 209

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. తిన్నగా రాస్తాను, మళ్ళీ చదువుకుంటే నాకైనా అర్థం కావాలి.

మూడేళ్ళ కిందట ఎర్రకళ్ళ జ్వరం మా తెప్పని చుట్టేసింది. ముప్ఫై ఒక్కమందిని సముద్రంలో కలిపాం. బతికినవాళ్ళ రక్తం తీసి నిలబెడితే పైన పసుప్పచ్చగా తేట తేరుతుంది. ఆ తేట ఎక్కించినవాళ్ళు బతికారు. అప్పటి నుంచి ఇక్కడ ఒక కట్టుబాటు ఉంది. ఎవరికి జబ్బు చేసినా ఇంటికొక సీసా తేట ఇవ్వాలి. ఒక్క ఇల్లు కూడా తప్పకూడదు. అందరి వంతూ అయ్యేదాకా ఒకే ఇల్లు రెండుసార్లు ఇవ్వకూడదు. వంతు తప్పించడమంటే ఆ ఇంటిని తెప్ప మీద లేనట్టు చూడటమే. వంతుల పలక అచ్చియ్యమ్మ మామ్మ దగ్గర ఉంటుంది. మొదటి ఇల్లు ఆవిడదే.

అప్పట్లో తాతబ్బాయిని ఒక గదిలో మూసి కాపాడుకున్నాం, వాడికి జ్వరం రాలేదు. ఈసారి ఓడ సరుకు దింపడానికి వెళ్ళి తగిలించుకొచ్చాడు. తెప్పంతా ప్రాణం పెట్టింది వాడికి. వారానికొక ఇల్లు, వారానికొక సీసా. ఇవ్వడానికి పోటీలు పడ్డారు.

ఇవాళ ఇరవై తొమ్మిది వారాల అక్షరాలూ వరసగా రాసి, పక్కన వంతుల పలక పెట్టుకున్నాను. ఊరికే, తారీఖులు సరిచూద్దామని.

మొదటి ఇంటి సీసా ఎక్కించిన పదో రోజుకి మొదటి మార్పు. రెండో ఇంటి సీసా తర్వాత రెండోది. మూడో ఇంటి తర్వాత మూడోది, నాలుగోది. వేలు పెట్టి కిందికి దింపుకుంటూ పోయాను. ప్రతి ఇంటి వెనకా ఒక మార్పు ఉంది. పద్నాలుగో ఇంటి దగ్గర మాత్రం ఏ మార్పూ లేదు. ఎందుకు లేదా అని పలక చూస్తే గుర్తొచ్చింది, ఆ సీసా నా చేతిలోంచి జారి పగిలిపోయింది. వంతు అయిపోయిందన్నారు, మళ్ళీ ఇవ్వనివ్వలేదు. పద్నాలుగో ఇంటావిడ నన్ను వారం రోజులు తిట్టింది.

ఓరి దేవుడా! అది మా ఇళ్ళ వరస నేర్చుకుంటోంది.

ఇంకొకటి కూడా రాయాలి, ఇది నా పాపం. సీసా ఒకేసారి ఎక్కించమని రాసి ఉంటుంది. నేను సగం సగం చేశాను. వారమంతా వాడికి ఏదో ఒక ఆసరా ఉండాలని, నా తెలివి ఉపయోగించాను. సగం సీసా దాన్ని చంపలేదు, పాఠం మాత్రం చెప్పింది. ఇరవై తొమ్మిది వారాలు రోజూ వాడి గిన్నె చూశాను, పాతదే పాతదే అని రాశాను. నా అంత గుడ్డిది ఇంకొకతె ఉండదు.

రోజు 210

పొద్దున్నే గంగరాజు అన్నయ్య సీసా పట్టుకుని వచ్చాడు. ముప్ఫయ్యో ఇల్లు. కొత్త చొక్కా వేసుకున్నాడు, వెనకాల పెళ్ళాం, ముగ్గురు పిల్లలూ. ఏడు నెలలుగా ఎదురుచూస్తున్న వంతు మరి.

"ఇవాళ వద్దన్నయ్యా," అన్నాను.

"వద్దా? ఏం, రక్తం తీసిన సూది మచ్చ ఇంకా ఆరలేదు, చూడు చెల్లెమ్మా. మా ఇల్లంటే లోకువా నీకు?"

"లోకువ కాదు. ఎవరి సీసా కూడా ఎక్కించడం లేదు. రేపు అందరికీ చెప్తాను."

"నిన్నటి దాకా అందరివీ ఎక్కాయి, మా వంతొచ్చేసరికి వద్దొచ్చిందేం?" అని పిల్లల ముందే గట్టిగా అరిచి వెళ్ళిపోయాడు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. రెండూ మింగి పని చూసుకున్నాను.

ఇంటికొకరి వేలు పొడిచి రక్తపు చుక్క తీసుకున్నాను. తాతబ్బాయి గిన్నెలోని వైరస్ని వేడి చేసి చంపి, ఒక్కో కాగితపు పట్టీ మీద ఒక్కో ఇంటి చుక్కతో కలిపాను. రక్తం దాన్ని పట్టగలిగితే నీలం గీత పడుతుంది. పట్టలేకపోతే పట్టీ తెల్లగానే ఉంటుంది. నలభై ఆరు పట్టీలు పెట్టాను. ఫలితం ఇక్కడ రాయను. రేపు అందరూ కళ్ళతోనే చూస్తారు.

రోజు 211

భోజనాల బల్ల మీద పట్టీలన్నీ ఇంటి నంబర్ల వరసలో పరిచాను.

అచ్చియ్యమ్మ మామ్మ చేతికర్ర పక్కన పెట్టి, ఒకటో పట్టీ నుంచి వేలు పెట్టుకుంటూ నడిచింది. తెలుపు. తెలుపు. తెలుపు. పదమూడు దాకా తెలుపు. పద్నాలుగు దగ్గర నీలం గీత చూసి ఆగింది. మళ్ళీ ఇరవై తొమ్మిది దాకా తెలుపు. ముప్ఫై నుంచి నలభై ఆరు దాకా అన్నీ నీలమే.

"ఏంటమ్మాయ్ ఇది?" అంది.

"ఆ జ్వరం మనిషి ఒంట్లో రోజుకి కోట్లకొద్దీ పిల్లల్ని పెడుతుంది మామ్మా. అన్నీ తల్లిలా ఉండవు, కొన్నింటిలో ఒక అక్షరం తప్పు పోతుంది. మామూలు మనిషి ఒళ్ళు పది రోజుల్లో అన్నిట్నీ చంపేస్తుంది, ఆ తప్పులకి టైముండదు. తాతబ్బాయి ఒళ్ళు చంపలేదు. మీ తేట పోస్తే అది గుర్తుపట్టినవి చచ్చాయి. గుర్తుపట్టనివి ఏ నాలుగో మిగిలాయి. పిండి జల్లిస్తే జల్లెడలో ఏం మిగులుతాయి? అవే మిగిలాయి. ఆ నాలుగే వారంలో కోట్లయ్యాయి. మళ్ళీ ఇంకో ఇంటి జల్లెడ పట్టాం."

"అంటే దానికి మనమే నేర్పామా?"

"మనమే నేర్పాం మామ్మా. ఇరవై ఎనిమిది ఇళ్ళవాళ్ళకి ఇది కొత్త జ్వరం ఇప్పుడు. ఆ గది దాటి వస్తే మూడేళ్ళ కిందటిలాగే ఉంటుంది."

ఎవరో బావురుమన్నారు. మామ్మ అక్కడే బల్ల మీద కూర్చుండిపోయింది. "నా సీసాయే మొదటిది," అంది. ఇంకోసారి అదే మాట అంది. "మొదట పోసింది నేనే."

డాక్టరుగారు చెప్పిన దారి చెప్పాను. నీలం గీత పడ్డ పద్దెనిమిది ఇళ్ళ తేటా ఒకే సంచిలో కలిపి, ఒకే రోజు, పూర్తి మోతాదులో ఎక్కించాలి. ఒక ఇంటి పట్టు తప్పించుకోవడానికి ఒక అక్షరం మారితే చాలు. పద్దెనిమిది పట్లూ ఒకేసారి తప్పించుకోవడం దానికి చాలా కష్టం.

"చాలా కష్టమా, కుదరదా?" అన్నాడు గంగరాజు అన్నయ్య.

"చాలా కష్టం అన్నారు."

"కుదిరితే?"

నాకు అబద్ధం చెప్పాలనిపించింది. నిజంగా అనిపించింది. "కుదిరితే ఈ పద్దెనిమిది ఇళ్ళూ కూడా తెల్లబడతాయి," అన్నాను.

అన్నయ్య తన పట్టీ చేతిలోకి తీసుకుని నీలం గీత చూసుకున్నాడు. నిన్న వద్దన్నందుకు నన్ను తిట్టిన మనిషి. "నాకు ముగ్గురు పిల్లలు చెల్లెమ్మా. నేను ఇవ్వలేను. నన్నెవరూ ఏవీ అనుకోకండి." అని తల దించుకుని వెళ్ళిపోయాడు. తాతబ్బాయిని పడవలో పెట్టి దూరంగా లంగరేద్దామని వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. ఎవరిదో గుర్తుపట్టాను. ఆ పేరు రాయను, ఎందుకంటే ఆ మనిషి కూడా వాడికి సీసా ఇచ్చినవాడే.

పద్దెనిమిదిలో పది ఇళ్ళు ఇస్తామన్నాయి, మా ఇంటితో కలిపి. పది చాలవని డాక్టరుగారు అన్నారు. ఆవిడ ఇంకో మాట కూడా చెప్పారు. అది నేను అందరి ముందూ చెప్పలేదు.

రోజు 212

ఆరేళ్ళ కిందట తాతబ్బాయి కిడ్నీలు రెండూ పాడైతే నాది ఒకటి ఇచ్చాను. ఆ కిడ్నీని వాడు అక్క అంటాడు. పొద్దున్నే పొట్ట తట్టి, "అక్కా, ఇవాళ బాగా పని చేశావే," అని దానితో కబుర్లు చెప్తాడు. నేను ఎదురుగా ఉన్నా సరే దానితోనే మాట్లాడతాడు, నన్ను ఉడికించడానికి. పరాయి కిడ్నీని ఒళ్ళు బయటికి నెట్టెయ్యకుండా రోజూ బిళ్ళలు వేసుకోవాలి. ఆ బిళ్ళలు ఒళ్ళుని జోకొట్టి పడుకోబెడతాయి. ఆ నిద్రలోనే ఈ జ్వరం రెండు వందల రోజులు కాపురం చేసింది.

డాక్టరుగారు చెప్పింది అదే. తేట ఎక్కించిన రోజే బిళ్ళలు ఆపెయ్యాలి. వాడి ఒళ్ళు నిద్ర లేవాలి. లేస్తే మొదట జ్వరం మీద పడుతుంది, తర్వాత నా కిడ్నీ మీద పడుతుంది.

తొడుగు వేసుకుని లోపలికి వెళ్ళాను. అంతా చెప్పాను. వాడు ముందు ఇళ్ళ వరస సంగతే పట్టుకున్నాడు.

"అంటే ఏడు నెలల బట్టీ నేను దానికి వండి పెడతన్నానన్నమాట. ఇంటికో రుచి." నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "అక్కా, బయటెవరికైనా అంటిందా?"

"లేదు. రోజూ చూస్తున్నాను."

బిళ్ళల మాట చెప్పాను. ఒక్కసారిగా గోడ వైపు తిరిగిపోయాడు.

"మానను. పోవే."

"ఒరేయ్."

"ఆరేళ్ళలో ఒక్క పూట తప్పలేదు నేను. గాలివానలో తెప్ప ఊగిపోతంటే కూడా ముందు బిళ్ళ డబ్బా ఎత్తుకున్నాను. నువ్వు ఒళ్ళు కోయించుకుని ఇచ్చింది నా చేత్తో చంపుకోమంటావా? నేను చచ్చినా పర్లేదుగానీ అది మాత్రం..."

నాకు తిక్క రేగింది. "నోర్ముయ్. నేనిచ్చింది నువ్వు బతకడానికిరా, దాన్ని నువ్వు బతికించడానికి కాదు! అదేమైనా నేను దాచుకోమని ఇచ్చిన నగా? చచ్చినా పర్లేదంట! ఇరవై ఎనిమిది ఇళ్ళు తెల్లగా ఉన్నాయి బయట. నువ్వు పోయినా అవి తెల్లగానే ఉంటాయి. ఈ జ్వరం నీ ఒంట్లోనే చావాలి, నువ్వు బతికుండగా చావాలి!"

ఆయాసంతో తొడుగు అద్దమంతా ఆవిరి పట్టేసింది. వాడు కనిపించడం మానేశాడు. మాట మాత్రం వినిపించింది.

"కిడ్నీ ఆగిపోతే ఎన్ని రోజులు?"

"పూర్తిగా ఆగాక వారం, పది రోజులు. మందుల ఓడలో రక్తం కడిగే మిషనుంది. ఓడని త్వరగా పంపుతున్నారు, 232వ రోజుకి వస్తుంది. మూడు రోజులు వరసగా నీ గిన్నెలో సున్నా వస్తేనే ఎక్కించుకుంటారంట."

"పది ఇళ్ళే ఇత్తామన్నారా?"

"పదే."

"గంగరాజు అన్నయ్య ఇవ్వనన్నాడా?" నేను మంచం కోడు తడుముకుంటూ కూర్చున్నాను. "తప్పేంలేదే. ముగ్గురు పిల్లలు ఆయనకి," అన్నాడు. తర్వాత బిళ్ళల డబ్బా తీసి నా తొడుగు చేతిలో పెట్టాడు. "తీసుకుపో. నా దగ్గరుంటే మళ్ళీ ఏసుకుంటాను."

బయటికొచ్చి తొడుగు విప్పుతుంటే వంటశాల నుంచి ఏ చప్పుడూ లేదు. అప్పుడు తెలిసింది, గొట్టం మూత తీసే ఉందని. అంతా విన్నారు.

రోజు 213

తలుపు బయట తొమ్మిది సీసాలున్నాయి. మా ఇంటి సీసా నా చేతిలో ఉంది, అది కలిపితే పది. వాటినే సంచిలో పొయ్యడం మొదలుపెట్టాను. పదో సీసా పోస్తుండగా గంగరాజు అన్నయ్య వచ్చాడు. వెనకాల మిగతా ఏడు ఇళ్ళవాళ్ళు.

"రాత్రే తీసింది, మొన్నటిది కాదు," అన్నాడు సీసా చాపి. నా మొహం చూడలేదు. "ఆడు ఒంట్లో ఉన్నది వదులుకుంటంటే నేను సీసా దాచుకుని ఏం చేసుకుంటాను? నా పిల్లలకి అన్నం పెట్టినోడు."

"అన్నయ్యా, అది తప్పించుకుంటే..."

"తెలుసు. పోసెయ్."

అచ్చియ్యమ్మ మామ్మ వంతుల పలక ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది. ముందు ఎవరిది పొయ్యాలని ఎవరో అలవాటుగా అడిగారు. "ముందూ లేదు వెనకా లేదు. అన్నీ కలిపెయ్యండి," అంది. తర్వాత నన్ను దగ్గరకి పిలిచి చెవిలో అడిగింది, "నాది కూడా ఒక చుక్క కలపకూడదా అమ్మాయ్? ఊరికే." పనికిరాదని చెప్పాను. సరేనని తల ఊపింది, కళ్ళు తుడుచుకుంది.

పద్దెనిమిది ఇళ్ళ తేటా ఒకే సంచిలో, పూర్తి మోతాదులో ఎక్కించాను. సగం మిగల్చలేదు. బిళ్ళలు ఆపాం.

ఇక నుంచి రోజూ రెండు అంకెలు రాస్తాను. ఉమ్మి చుక్కలో వైరస్ ఎంతుందో ఒకటి. వాడి మూత్రం ఎంతో రెండోది. ఇవాళ వైరస్ మూడు లక్షలు. మూత్రం లీటరున్నర.

రోజు 217

వైరస్ నలభై వేలు. మూత్రం లీటరున్నరకి కొంచెం తక్కువ.

రోజూ మొత్తం అక్షరాలు చదివిస్తున్నాను, కొత్త మార్పు ఉందేమోనని. ఇప్పటి దాకా లేదు. పెట్టె చదువుతున్నంతసేపూ అక్కడే కూర్చుంటున్నాను. గంగరాజు అన్నయ్య రోజుకి మూడుసార్లు తన వేలు పొడిపించుకోవడానికి వస్తున్నాడు. పట్టీ నీలంగానే ఉంది. అక్షరాలు మారకుండా పట్టీ ఎందుకు మారుతుందన్నయ్యా అని చెప్పినా వినడు.

రోజు 221

వైరస్ తొమ్మిది వందలు. మూత్రం ఏడు వందల మిల్లీలీటర్లు.

మొదటి అంకె చూసి వంటశాలలో పళ్ళేలు మోగించారు. రెండో అంకె నేను ఎవరికీ చెప్పలేదు. వాడికి కాళ్ళు పొంగుతున్నాయి. వంటవాడు కదా, ఏం తినకూడదో నాకంటే బాగా తెలుసు. ఉప్పు లేదు, కొబ్బరినీళ్ళు లేవు, అరటిపండు లేదు. గొట్టంలో తన గంజి ఎలా వార్చాలో తనే చెప్పుకుంటున్నాడు. పొట్ట తట్టి మాట్లాడటం మానేశాడు.

రోజు 224

వైరస్ పన్నెండు. మూత్రం రెండు వందలు.

పన్నెండంటే ఏంటి? ఆ పన్నెండులో ఒక్కటి అక్షరం మార్చుకున్నా చాలు. ఇన్నాళ్ళూ లక్షలు చూసినప్పుడు లేని భయం ఈ పన్నెండుని చూస్తే వేస్తోంది. పన్నెండింటినీ చదివించాను. కొత్త మార్పు లేదు. రెండోసారి చదివించాను. లేదు.

రోజు 225

వైరస్ సున్నా. నమ్మలేదు. మూడుసార్లు వేశాను. సున్నా, సున్నా, సున్నా. నేల మీద కూలబడి గట్టిగా ఏడ్చాను, అచ్చియ్యమ్మ మామ్మ వచ్చి లేపేదాకా.

మూత్రం తొంభై.

రోజు 226

వైరస్ సున్నా. మూత్రం ముప్ఫై.

వాడికి వాంతులు. డాక్టరుగారు రోజుకి ఒక గ్లాసు నీళ్ళు మించొద్దన్నారు. ఓడ పూర్తి వేగంతో వస్తోందన్నారు. ఇంకా ఎంత పూర్తి వేగమండీ అని అరిచాను ఆవిడ మీద. ఆవిడ ఏమీ అనుకోలేదు.

రోజు 227

వైరస్ సున్నా. మూడో సున్నా. మూత్రం సున్నా.

రెండూ ఒకే పేజీలో రాశాను. మొదటిదానికి తెప్పంతా పళ్ళేలు మోగిస్తోంది. గంగరాజు అన్నయ్య వంటశాల గొట్టంలో నోరు పెట్టి, "ఒరే తాతబ్బాయ్, చచ్చిందిరా అది!" అని కేకలు. నేను వాడి మంచం పక్కన కూర్చున్నాను, తొడుగులోనే, చేతిలో ఖాళీ మూత్రపు సీసాతో. వాడు ఆ సీసా వైపు చూశాడు. నేను దాచబోయాను, దాచలేకపోయాను.

"అయిపోయిందా అక్కా?"

"అయిపోయింది. జ్వరమూ పోయింది. ఓడలో ఎక్కిస్తారు. మిషను మీద ఎంతమంది ఏళ్ళ తరబడి బతకడం లేదు! ఇంకో కిడ్నీ దొరుకుతుంది. నువ్వు మాట్లాడకు, ఆయాసమొస్తుంది."

వాడు మాట్లాడకుండా ఉంటాడా? కాసేపు ఊపిరి పీల్చుకుని, నా ఎడమ పక్క, కిడ్నీ తీసిన చోట చెయ్యి పెట్టాడు, తొడుగు మీద నుంచే.

"నీకేవన్నా నొప్పి తెలిసిందా?"

పదిహేను రోజులుగా నా ఒంట్లోది వీడి ఒంట్లో చచ్చిపోతోంది. గిన్నెలు ఏరాను, అంకెలు రాసుకున్నాను, జనాన్ని తిట్టాను, అన్నం తిన్నాను. ఒక్క పోటు కూడా రాలేదు. అది పోయినట్టు నాకు ఈ సీసా చెప్పిందిగానీ, నా ఒళ్ళు చెప్పలేదు.

"లేదురా," అన్నాను.

"అమ్మయ్య," అన్నాడు. "నీకు నొప్పెడతాదేమోనని ఇన్ని రోజులూ భయపడ్డాను." అని కళ్ళు మూసుకున్నాడు.

ఓడ ఇంకా ఐదు రోజుల దూరంలో ఉంది. రేపటి గ్లాసు నీళ్ళు కొలిచి, మూత పెట్టి, వాడికి అందేలా పెట్టాను.